తేదీ ఉన్న డబ్బు, తేదీ లేని డబ్బు

(సంఘం వార్షిక సభలో ఆర్థిక సలహా ఉపసంఘం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి సభలో మాట్లాడుటకు మాకిచ్చిన విషయం "షేర్ మార్కెట్టు, మన కుటుంబాల పొదుపు". ఈ మాట వినగానే మీలో సగంమంది ఇది మనకు సంబంధించింది కాదులే అనుకొని ఉంటారు. మిగతా సగంమంది రేపు ఏ షేరు పెరుగుతుందో చెప్తారేమోనని ఆశపడి ఉంటారు. ఇద్దరికీ ముందుగానే ఒక మనవి. ఈ విషయం అందరికీ సంబంధించినదే. ఏ షేరు పెరుగుతుందో మాత్రం మేము చెప్పలేము. అది మాకు తెలియదు. తెలుసునని చెప్పేవాడికి కూడా తెలియదు.

ఒకప్పుడు షేర్లు కొనడమంటే పెద్ద తతంగం. 1943లో ఏర్పడిన హైదరాబాదు స్టాక్ ఎక్స్ఛేంజిలోనో, బొంబాయిలోనో సభ్యుడైన బ్రోకరును పట్టుకోవాలి. కాగితం సర్టిఫికెట్లు పోస్టులో రావాలి. సంతకం కలవలేదంటే తిరిగి పోవాలి. 1996 నుంచి ఆ కాగితాల స్థానంలో డీమ్యాట్ ఖాతాలు వచ్చినవి. హైదరాబాదు ఎక్స్ఛేంజి గుర్తింపు 2007లో రద్దయింది. ఈనాడు జేబులో ఉన్న సెల్‌ఫోనే స్టాక్ ఎక్స్ఛేంజి. దేశం మొత్తం మీద 2020 మార్చి నాటికి సుమారు 4 కోట్ల డీమ్యాట్ ఖాతాలుంటే, 2022 ఆగస్టుకు అవి 10 కోట్లు దాటినవి. రెండున్నరేళ్ళలో వచ్చిన మార్పు ఇది. ఆ కొత్త ఖాతాలలో మన పిల్లలవి కూడా ఉన్నవి. ఇంట్లో పెద్దలకు చెప్పినవారు కొందరు, చెప్పనివారు మరికొందరు.

మా ఉపసంఘం వద్దకు వచ్చే ప్రశ్నలు నాలుగు రకాలుగా ఉంటున్నవి. గల్ఫ్‌లో పదిహేనేళ్ళు కష్టపడి తిరిగివచ్చిన సోదరుడు, చేతికొచ్చిన మొత్తం ఎక్కడ పెట్టాలి అని అడుగుతాడు. కూతురి నికాహ్‌కు దాచిన డబ్బు ఊరికే ఉంటే తరిగిపోతోంది, ఏం చేయమంటారు అని ఒక తల్లి అడుగుతుంది. షేర్లు మనకు చెల్లుతాయా అని ఒక పెద్దాయన అడుగుతారు. నాలుగో ప్రశ్న కుర్రవాళ్ళది: మార్కెట్టు ఇంకా పడుతుందా, లేస్తుందా?

మొదటి మూడు ప్రశ్నలకు జవాబు ఉంది. నాలుగోదానికి లేదు. అయితే ఆ నాలుగోదానికి జవాబు లేకపోయినా ఒక కుటుంబం తన డబ్బును చక్కగా నడుపుకోవచ్చును. ఈ ప్రసంగమంతా ఆ ఒక్క మాట కోసమే.

మార్కెట్టుకు తేదీ లేదు

షేరు అంటే వ్యాపారంలో వాటా. నలుగురు అన్నదమ్ములు కలిసి టింబర్ డిపో పెట్టారనుకోండి. ఒక్కొక్కరిది నాలుగో వంతు. లాభం వస్తే పంచుకుంటారు, నష్టం వస్తే భరిస్తారు. ఏడాదికొకసారి లెక్క చూసుకుంటారు. కంపెనీ షేరు కూడా అంతే. ఒకటే తేడా. డిపోలో వాటా ధర ఎంత అని ఎవరూ రోజూ అడగరు. కంపెనీ షేరు ధరను మాత్రం మార్కెట్టు నిమిషనిమిషానికీ చాటుతుంది. వ్యాపారం నిదానంగా మారుతుంది. ధర మాత్రం మనుషుల ఆశతో, భయంతో పరుగెడుతుంది. దీన్నే మనం అనిశ్చితి అంటున్నాం.

ఆ పరుగు ఎట్లాంటిదో కొన్ని లెక్కలు చూద్దాం. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలోని 30 పెద్ద కంపెనీల ధరలను కలిపి లెక్కగట్టే సూచీని సెన్సెక్స్ అంటారు. 1978-79ని 100గా తీసుకొని ఈ లెక్క మొదలుపెట్టారు. 2024 సెప్టెంబరు చివరికి అది 86,000 దరిదాపులకు పోయింది. ఈ ఒక్క ముక్కే చెప్పి డబ్బు పెట్టమనేవారు చాలామంది ఉన్నారు. మధ్యలో జరిగినవి కూడా వినాలి.

1992 ఏప్రిల్‌లో హర్షద్ మెహతా కుంభకోణం బయటపడేనాటికి సెన్సెక్స్ 4,467 వద్ద ఉంది. ఏడాది తిరిగేసరికి సగానికి పడిపోయింది. 1994లో ఒకసారి పైకివచ్చి మళ్ళీ జారింది. 5,000 దాటేసరికి 1999 అక్టోబరు వచ్చింది. అంటే శిఖరాన కొని, మధ్యలో అమ్ముకోనివాడు ఏడేళ్ళకు పైగా కూర్చోవలసి వచ్చింది. 2008 జనవరిలో 21,000 దాకా పోయిన సూచీ అక్టోబరు చివరికి 8,500 అయింది. నూరు రూపాయలు నలభై అయ్యాయి. మళ్ళీ 21,000 చూసింది 2010 నవంబరులో. కరోనా వచ్చినప్పుడు 2020 జనవరిలో 42,000 దగ్గరున్నది మార్చి 23న 26,000కు దిగువన ముగిసింది. ఆ ఒక్కరోజే నూటికి 13 వంతులు పోయినవి. ఆ సంవత్సరం నవంబరుకే తిరిగి 42,000 దాటింది. 2024 సెప్టెంబరు శిఖరం నుంచి 2025 ఫిబ్రవరి చివరకు 12,000 పాయింట్లకు పైగా తగ్గింది.

ఒకసారి ఏడేళ్ళు, ఒకసారి రెండేళ్ళు, ఒకసారి ఎనిమిది నెలలు. పడిన మార్కెట్టు లేచింది నిజమే. ఎప్పుడు లేస్తుందో మాత్రం ఎవరికీ ముందుగా చెప్పలేదు. జపాన్ సంగతి ఇంకా కఠినం. అక్కడి నిక్కీ సూచీ 1989 డిసెంబరులో ఎక్కిన ఎత్తును మళ్ళీ దాటింది 2024 ఫిబ్రవరిలో. ముప్ఫైనాలుగేళ్ళు! "ఎక్కువకాలం ఉంచితే షేర్లలో నష్టమే రాదు" అని ఎవరైనా ఖచ్చితంగా చెబితే ఈ ఒక్క ఉదాహరణ గుర్తు చేయండి.

మన అవసరానికి తేదీ ఉంది

ఇక మన ఇంటి వైపు చూద్దాం. కూతురి నికాహ్ వచ్చే శవ్వాల్‌లో అనుకున్నాం. దానికి తేదీ ఉంది. కొడుకు ఇంజనీరింగు ఫీజు జూలైలో కట్టాలి. దానికీ తేదీ ఉంది. హజ్‌కు ఎంపికైతే హజ్ కమిటీ చెప్పిన గడువులోగా వాయిదాలు కట్టాలి. ఆ తేదీ మన చేతుల్లో కూడా లేదు.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టండి. 2008 జనవరిలో ఒక తండ్రి నికాహ్ కోసం దాచిన పది లక్షలు సూచీలో ఉన్నట్లే షేర్లలో పెట్టాడనుకుందాం. నికాహ్ నవంబరులో. అక్టోబరు చివరికి చేతిలో ఉన్నది నాలుగు లక్షలు. రెండేళ్ళు ఆగితే పది లక్షలూ తిరిగి వచ్చేవి. అయితే పెళ్ళివారిని రెండేళ్ళు ఆగమని ఎవరు చెప్పగలరు? అతను నాలుగు లక్షలకు అమ్ముకొని ఆరు లక్షలు అప్పు తెస్తాడు. మార్కెట్టు నష్టం తాత్కాలికమే. ఆ తండ్రికి మాత్రం అది శాశ్వత నష్టమయింది. అతను చెడ్డ షేరు కొన్నందుకు కాదు. తేదీ ఉన్న డబ్బును తేదీ లేని చోటికి పంపినందుకు.

కాబట్టి "మార్కెట్టు బాగుందా?" అనేది రెండో ప్రశ్న. "ఈ రూపాయి నాకు తిరిగి ఎప్పుడు కావాలి?" అనేది మొదటి ప్రశ్న. ఆ జవాబును బట్టి ఇంట్లో ఉన్న డబ్బును మూడు మూటలు కట్టవలెను.

మొదటి మూట ఆపద మూట. ఇంటిఖర్చుకు ఆరు నెలలకు సరిపడేంత. ఉద్యోగం పోయినా, ఆసుపత్రి పాలైనా, దుకాణం మూతపడినా ఈ మూట విప్పాలి. గల్ఫ్ ఉద్యోగం మీద ఆధారపడిన ఇళ్ళకు ఆరు నెలలు చాలవు, ఏడాదికి సరిపడా ఉండాలి. ఇది బ్యాంకులోనే, అడిగిన మరుక్షణం చేతికి వచ్చేట్లు ఉండాలి. ఇది లేనివారు షేర్ల మాట ఎత్తనే కూడదు. అట్లే చేబదులుకూ, తాకట్టుకూ వడ్డీ కడుతున్నవారు ముందు అది తీర్చాలి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ కడుతూ షేర్లలో ఏడాదికి పది పన్నెండు రావాలని చూడటం అప్పు చేసి పప్పుకూడు తినడం వంటిదే.

రెండో మూట తేదీ ఉన్న మూట. ఐదేళ్ళలోపు ఖర్చు పెట్టవలసినదంతా ఇందులోకే వస్తుంది. నికాహ్, ఫీజులు, హజ్, ఇంటి కప్పు. ఇక్కడ లాభం కంటే భద్రత ముఖ్యం. బ్యాంకులో ఉన్న డబ్బుకు, సహకార బ్యాంకులతో సహా, ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా 2020 ఫిబ్రవరి నుంచి ఉంది. అంతకుముందు లక్ష మాత్రమే. అంతకు మించి ఉన్నవారు రెండు బ్యాంకులలో సర్దుకోవడం మంచిది. చీటీల కంపెనీలకూ, ప్రైవేటు డిపాజిట్లకూ ఈ బీమా వర్తించదని గమనించాలి.

బ్యాంకు వడ్డీ ముట్టుకోని ఇళ్ళు మనలో చాలా ఉన్నవి. వారికి ఈ మూట కొంత తరుగుతుంది. ధరలు ఏడాదికి నూటికి ఆరు చొప్పున పెరిగితే బీరువాలో ఉన్న లక్ష రూపాయల విలువ పన్నెండేళ్ళలో సగమైపోతుంది. దీనికి ఒక ఉపాయం ఉంది. అవసరం ఏ రూపంలో రాబోతుందో పొదుపును ఆ రూపంలోనే చేయడం. కూతురికి ఎనిమిది తులాల బంగారం పెట్టాలని మీ నిర్ణయమైతే బంగారాన్నే కొద్దికొద్దిగా కొనండి. ధర పెరిగితే చింత లేదు, ముందే కొన్నాం. తగ్గినా చింత లేదు, మనకు కావలసింది తులాలే గాని రూపాయలు కాదు. హాల్‌మార్కు, దాని మీద ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య చూసి కొనాలి. అట్లే ఇంటి పని ఉంటే ఇనుము, ఇటుక ముందే కొని పెట్టుకోవచ్చు. మిగిలిన దానిమీద వచ్చే కాస్త తరుగు భద్రతకు మనం కట్టే వెల అనుకోవాలి.

మూడో మూట తేదీ లేని మూట. పదేళ్ళ దాకా ఎవరూ అడగని డబ్బు. ఉద్యోగం మానిన తర్వాతి రోజులకు, ఇంకా బడిలో చేరని మనవడి చదువుకు, అన్నీ పోగా నెలకు వెయ్యో రెండు వేలో మిగిలేది. మార్కెట్టుకు పంపదగినది ఈ మూట ఒక్కటే. ఇది చాలా ఇళ్ళలో చిన్నదే. చిన్నదైతే చిన్నదే పంపాలి. ఎంత చెట్టుకు అంత గాలి.

మూడో మూటను నడిపే తీరు

మొదటి సూత్రం, ఒకే కంపెనీని నమ్ముకోకూడదు. మన హైదరాబాదు కంపెనీ సత్యం సంగతి మీకందరికీ గుర్తే. 2008లో ఉత్తమ నిర్వహణకు గోల్డెన్ పీకాక్ బహుమతి అందుకున్న కంపెనీ. 2009 జనవరి 7న ఛైర్మన్ స్వయంగా లేఖ రాసి, లెక్కల్లో చూపిన నగదులో 5,000 కోట్లకు పైగా లేనే లేదని ఒప్పుకున్నారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40. సత్యం ఒక్కటే కొన్నవాడికి నూటికి 22 మిగిలాయి. సూచీలోని కంపెనీలన్నిటిలోనూ తలా కాస్త ఉన్నవాడికి ఆ రోజు నూటికి 93 మిగిలాయి. ఆ తేడా తెలివి వల్ల వచ్చింది కాదు, పంచిపెట్టడం వల్ల వచ్చింది. విడివిడిగా కంపెనీలను పరిశీలించే ఓపిక, చదువు లేనివారు సూచీలోని కంపెనీలన్నిటినీ కలిపి కొనే ఇండెక్సు ఫండ్లను ఎంచుకుంటే చాలు. వాటికి ఖర్చు కూడా తక్కువ.

రెండవది, ఒక్కసారిగా గుమ్మరించకూడదు, వాయిదాలలో పంపాలి. లెక్క చూడండి. నెలకు వెయ్యి చొప్పున నాలుగు నెలలు పెట్టాం. ఫండు యూనిటు ధర మొదటి నెల 50, తర్వాత 40, ఆ తర్వాత 25, మళ్ళీ 40. వచ్చిన యూనిట్లు 20, 25, 40, 25. మొత్తం 110. నలభై చొప్పున వాటి విలువ 4,400. ధర మొదలుపెట్టిన 50కి ఇంకా రానేలేదు, అయినా 400 లాభం. అదే నాలుగు వేలూ మొదటి నెలలోనే పెట్టినవాడి దగ్గర 80 యూనిట్లు, విలువ 3,200. మార్కెట్టు పడిన నెలలో మన వెయ్యి రూపాయలకు ఎక్కువ సరుకు వచ్చింది. అందుకే పడిన నెలలో వాయిదా ఆపేయడం తగదు. అయితే ఇది అనేక కంపెనీలున్న ఫండ్లకే చెల్లుతుంది. మునిగిపోయే ఒక్క కంపెనీని పడినకొద్దీ కొంటూపోవడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే.

మూడవది, ఆశకు హద్దుండాలి. నెలకు 2,000 చొప్పున పదిహేనేళ్ళు పెడితే మనం వేసేది 3 లక్షల 60 వేలు. ఏడాదికి నూటికి పది వస్తే అది 8 లక్షల 29 వేలు అవుతుంది. ఆరే వస్తే 5 లక్షల 82 వేలు. ఏది వస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. తక్కువది వచ్చినా సంసారం నడిచేట్లు లెక్క వేసుకోవాలి.

నాలుగవది, దీన్ని చాలామంది మరచిపోతారు. తేదీ లేని డబ్బుకు ఒకనాడు తేదీ పుడుతుంది. బడిలో చేరని మనవడు పదో తరగతికి వస్తాడు. అప్పుడు మూడో మూటలోని ఆ భాగాన్ని కొంచెం కొంచెంగా రెండో మూటలోకి మార్చుకోవాలి. అవసరానికి మూడేళ్ళ ముందే మొదలుపెట్టాలి. "ఇంకా పెరుగుతోంది కదా, ఉండనిద్దాం" అన్నవారే 2008లోనూ, 2020లోనూ చిక్కుకున్నారు.

షేర్లు మనకు చెల్లుతాయా?

ఇది ధర్మసంబంధమైన ప్రశ్న. దీని మీద తీర్పు చెప్పే అర్హత మా ఉపసంఘానికి లేదు. మీకు నమ్మకమైన ఉలమాను అడిగి నడచుకోవాలి. అడిగేటప్పుడు వివరం తెలిసి అడిగితే జవాబు కూడా వివరంగా వస్తుంది గనుక కొన్ని సంగతులు చెబుతున్నాం.

షేరు వడ్డీ పత్రం కాదు, లాభనష్టాలలో వాటా. అందుచేత వ్యాపారం ఏమిటన్నదే ముఖ్యంగా చూస్తారు. మన దేశంలో 2008 నుంచి నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి నిఫ్టీ షరియా అనే సూచీని వేరుగా లెక్కగడుతోంది. వడ్డీ మీద నడిచే బ్యాంకులు, మద్యం, జూదం వంటి వ్యాపారాలు, పరిమితికి మించి వడ్డీ అప్పులున్న కంపెనీలు అందులో ఉండవు. ఆ పద్ధతి ప్రకారం నడిచే మ్యూచువల్ ఫండ్లు కూడా ఉన్నవి. కంపెనీకి వడ్డీ రూపంలో వచ్చిన కొద్ది ఆదాయానికి సమానమైన భాగాన్ని డివిడెండు నుంచి తీసి దానం చేసేవారున్నారు. ఏటా షేర్ల మీద జకాత్ ఎట్లా లెక్కించాలో కూడా అదే కూర్చోబాటులో అడిగి రాసుకోండి.

అయితే ఒక హెచ్చరిక. ధర్మానికి సరిపడే షేరు గనుక ధర పడదు అనుకోరాదు. మార్కెట్టు పడితే అవీ పడతాయి. మూడు మూటల సూత్రం వాటికీ వర్తిస్తుంది.

కుర్రవాళ్ళతో నాలుగు మాటలు

ఫోనులో సాయంకాలానికల్లా డబ్బు రెట్టింపవుతుందని చెప్పే ఫ్యూచర్లు, ఆప్షన్ల వ్యాపారం గురించి. అందులో కొనేది వ్యాపారంలో వాటా కాదు. ధర ఎటు పోతుందన్న పందెం. మార్కెట్టును పర్యవేక్షించే సెబీ సంస్థ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం ప్రకటించింది. 2021-22 మొదలు మూడేళ్ళలో ఈ వ్యాపారం చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారు. అందరికీ కలిపి పోయినది 1.8 లక్షల కోట్లకు పైగా. మనిషికి సగటున దాదాపు రెండు లక్షలు. 2025 జూలైలో చెప్పిన లెక్క ప్రకారం 2024-25లో కూడా నూటికి 91 మంది నష్టపోయినవారే.

నాయనలారా, వంద మందిలో తొంభై మంది మునిగే రేవులో ఎవరూ ఈత నేర్చుకోరు. అవతలి ఒడ్డున ఉన్నది పెద్ద పెద్ద యంత్రాలు, పెద్ద కంపెనీలు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని పెద్దలు ఊరికే అనలేదు.

పెద్దలకూ ఒక మాట. ఇప్పటికే నష్టపోయిన పిల్లవాడు ఇంట్లో ఉండవచ్చు. నలుగురిలో దులిపేస్తారన్న భయంతో అతను ఆ సంగతి దాచి, నష్టం పూడ్చుకోవడానికి ఫోనులోనే అప్పు తెచ్చి మళ్ళీ ఆడతాడు. యాభై వేల నష్టం ఐదు లక్షలయ్యేది ఆ దాపరికంలోనే. "పోయింది పోయింది, నిజం చెప్పు" అని పిలిచి కూర్చోబెట్టుకోగల తండ్రి ఉన్న ఇంట్లో నష్టం యాభై వేల దగ్గరే ఆగుతుంది.

నెలనెలా నిలకడైన లాభం

షేర్లంటే భయపడి దూరంగా ఉన్నవారు మరొక గుంటలో పడుతున్నారు. "ఇందులో ఎగుడుదిగుళ్ళు లేవు, వడ్డీ కాదు, హలాల్ వ్యాపారంలో లాభం, నెలకు నూటికి మూడు" అంటూ వచ్చేవారి మాట నమ్మి. నెలకు మూడు చొప్పున పోగుపడితే రెండేళ్ళలో డబ్బు రెట్టింపు. అంత లాభం ప్రతి నెలా తప్పకుండా తెచ్చే వ్యాపారం ఉంటే అతను బ్యాంకు అప్పుతో తనే చేసుకుంటాడు. మీ ఇంటి తలుపు ఎందుకు కొడతాడు? నిజమైన వ్యాపారంలో ఒక నెల లాభం, ఒక నెల నష్టం ఉంటుంది. టింబర్ డిపో నడిపినవారిని అడగండి. ప్రతి నెలా ఒకే లాభం వస్తున్నదంటే అది చాలాసార్లు వెనక చేరినవాడి అసలే.

బెంగుళూరులోని ఐ మానిటరీ అడ్వైజరీ 2019 జూన్‌లో మూతపడినప్పుడు పోలీసు స్టేషన్ల ముందు వరుసకట్టినవారిలో అత్యధికులు మన సమాజం వారే. పొదుపుతో పాటు ఒంటిమీది నగలు ఇచ్చుకున్న స్త్రీలు వారిలో ఉన్నారు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌లో సుమారు 32 లక్షల మంది డబ్బు చిక్కుకుంది. మతం పేరు చెప్పినా, భూమి పేరు చెప్పినా పద్ధతి ఒకటే. తెలిసినవాడు తెచ్చాడు గదా అని చేరడం, చేరినవాడు కమీషను కోసం పదిమందిని చేర్చడం.

అందుచేత నాలుగు ప్రశ్నలు నేర్చుకోండి. మీకు సెబీలో గానీ, రిజర్వు బ్యాంకులో గానీ రిజిస్ట్రేషను ఉందా, నంబరెంత? ఆ నంబరును మనమే ఆ సంస్థ వెబ్‌సైటులో చూసుకోవాలి. ఆడిట్ అయిన లెక్కలేవి? డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? నష్టం వస్తే ఎవరు భరిస్తారు? నాలుగో ప్రశ్నకు "నష్టమే రాదు" అని జవాబొస్తే లేచి వచ్చేయండి. వాట్సాప్ గుంపులలో వచ్చే నకిలీ ట్రేడింగు యాప్‌ల మాట కూడా ఇదే. మోసపోయామని తెలిసిన వెంటనే, సిగ్గుపడి కూర్చోక, 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యమైనకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

బ్రోకరు పేరున్నవాడైనా లెక్క మనం చూసుకోవాలి. హైదరాబాదు కేంద్రంగా ఉన్న కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఖాతాదారుల షేర్లను దుర్వినియోగం చేసిందని 2019 నవంబరులో సెబీ ఉత్తర్వు ఇచ్చింది. మన షేర్లు ఉండేది బ్రోకరు దగ్గర కాదు, ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ అనే డిపాజిటరీలో. వాటి నుంచి వచ్చే లెక్కను బ్రోకరు చెప్పే లెక్కతో సరిచూడండి.

తల్లులారా, అక్కచెల్లెళ్ళారా

చివరగా, మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన విషయం. యజమాని కన్నుమూసిన తర్వాత ఏ బ్యాంకులో ఎంతుందో, ఏ ఫండు ఉందో, ఎవరి దగ్గర అప్పుందో తెలియక తల్లడిల్లే ఇళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నవి. మార్కెట్టు మింగిన డబ్బు కొంతైతే, మనవాళ్ళకు తెలియక అక్కడే ఉండిపోయిన డబ్బు మరికొంత. వరుసగా ఏడేళ్ళు ఎవరూ తీసుకోని డివిడెండ్లు, వాటితోపాటు ఆ షేర్లు కూడా ప్రభుత్వ పెట్టుబడిదారుల రక్షణ నిధికి పోతాయి. తగిన కాగితాలు చూపి తిరిగి తెచ్చుకోవచ్చు, అయితే కాళ్ళరిగేలా తిరగాలి.

ప్రతి ఖాతాకూ నామినీ పేరు రాయించండి. అయితే నామినీ అంటే వారసుడు కాదు. షేర్ల విషయంలో నామినీ సొంతదారు కాడని, ఆస్తి వారసులకే చెందుతుందని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది. నామినీ ఆ సొమ్మును తీసుకొని వారసులకు అప్పగించవలసినవాడు. పెద్దకొడుకు పేరు నామినీగా ఉన్నంతమాత్రాన కూతుళ్ళ వాటా, భార్య వాటా పోవు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని ఇళ్ళలో అన్నాచెల్లెళ్ళు మాటలు మానుకున్నారో మీకు తెలుసు.

ఒక నోటు పుస్తకం తీసుకోండి. బ్యాంకు ఖాతాలు, డీమ్యాట్ ఖాతా, ఫండ్ల ఫోలియో నంబర్లు, బీమా, ఇవ్వవలసినవి, రావలసినవి అన్నీ అందులో రాయండి. భార్యాభర్తలిద్దరూ కూర్చొని రాయండి. రహస్య సంఖ్యలు మాత్రం అందులో రాయవద్దు. ఏడాదికొకసారి, రంజాన్‌లో జకాత్ లెక్క చూసుకునే రోజున, ఈ పుస్తకం కూడా సరిచూడండి. ఆ రోజే మూడు మూటలూ విప్పి చూడండి. ఏ డబ్బుకు కొత్తగా తేదీ వచ్చిందో పక్కకు తీయండి.

సోదరులారా, మార్కెట్టు రేపు పడుతుందో లేస్తుందో ఆ దేవునికే ఎరుక. అది మన చేతిలో లేదు. ఏ రూపాయిని ఎక్కడ ఉంచాలో మాత్రం మన చేతిలో ఉంది. సంఘం కార్యాలయంలో ప్రతి ఆదివారం అసర్ నమాజు తర్వాత మా ఉపసంఘం కూర్చుంటుంది. మేము ఏ కంపెనీ తరఫునా పనిచేయము, ఎవరి దగ్గరా కమీషను తీసుకోము. ఎక్కడైనా సంతకం పెట్టకముందు ఆ కాగితం తీసుకొని రండి, కలిసి చదువుదాం. సంతకం పెట్టిన తర్వాతైనా సరే, దాచుకోకుండా రండి.